నెలవంక కోసం వెళ్లి ప్రశ్నను పోగొట్టుకున్నాం

రంజాన్ ఇరవై తొమ్మిదో రోజా సాయంత్రం. యానాంలో గౌతమి గట్టు మీద నిలబడి అందరం పడమటి ఆకాశాన్ని వెతుకుతున్నాం. మా వెంట వచ్చిన ఎనిమిదేళ్ల మనుమరాలు మాత్రం నీళ్ల వైపే చూస్తోంది. గుర్రపుడెక్క తుట్టె ఒకటి సముద్రం వైపు పోవలసింది పోయి ఎగువకు కొట్టుకుపోతోంది. "దాదా, గోదావరి వెనక్కి పోతోందేమిటి?" అని అడిగింది. "ఇప్పుడా పిచ్చి ప్రశ్నలు? చాంద్ చూడు బేటీ" అని కసిరాము. పిల్ల నోరు మూసుకుంది.

నెలవంక కనిపించింది. దుఆ చేసుకున్నాం. ఇంటికొచ్చి పడుకోబోయేటప్పుడు గాని మా తెలివితక్కువ మాకు తట్టలేదు. ఆ పిల్ల అడిగినదానికి జవాబు మేము ఆకాశంలో వెతుకుతున్న ఆ చంద్రుడే!

చంద్రుడి ఆకర్షణకు సముద్రం పొంగుతుంది. సూర్యుడి ఆకర్షణ కూడా ఉంటుంది గాని దాని పాలు తక్కువ. అమావాస్యకూ పున్నమికీ ఇద్దరి బలమూ ఒకే వరుసలో కలుస్తుంది కనుక పోటు పెద్దదవుతుంది. అది గౌతమిలోకి ఎదురెక్కి యానాం దాటి పైకి పోతుంది. ధవళేశ్వరం దిగువన నీరు తగ్గిన వేసవి నెలల్లో ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది. నెలవంక కనబడేది అమావాస్య వెళ్లిన ఒకటి రెండు రోజులకే. అంటే మనం ఈద్ చాంద్ కోసం గట్టు మీదికి వెళ్లే సాయంత్రం పోటు బలంగా ఉండే రోజుల్లోనే పడుతుందన్నమాట. అరవై ఏళ్లుగా అదే గట్టు మీద నిలబడుతున్న మాకు ఆ రెంటినీ కలిపి చూడాలని ఏనాడూ తోచలేదు. ఎనిమిదేళ్ల పిల్ల చూసింది. మేము కసిరాము.

మన ఇళ్లలో జరిగేది ఇదే కాదా? పిల్లవాడికి తొంభై మార్కులొస్తే మిఠాయి పంచుతాం. "ఎందుకు?" అని రెండోసారి అడిగితే "పెద్దవాళ్లకు ఎదురు చెబుతావా?" అంటాం. ఆడపిల్లయితే రెండోసారి దాకా కూడా రానివ్వం. అదే ప్రశ్న కొడుకు అడిగితే చురుకైనవాడంటాం, కూతురు అడిగితే నోరెక్కువంటాం.

అనవసరపు ప్రశ్నలు వేయవద్దని ఖుర్ఆన్‌లోనే ఉంది కదా అని కొందరు పెద్దలు అడ్డు చెబుతారు. నిజమే, ఉంది. తెలిస్తే తమకే కష్టం కలిగించే సంగతులను తవ్వి తీయవద్దని విశ్వాసులకు చేసిన హెచ్చరిక అది. నది ఎటు పారుతోందని అడిగిన పసిదాని నోరు మూయించడానికి దాన్ని వాడుకోవడం న్యాయమా? హజ్రత్ ఇబ్రాహీం (అ) చచ్చినవారిని ఎలా బ్రతికిస్తావో చూపమని సాక్షాత్తు అల్లాహ్‌నే అడిగారు. నమ్మకం లేక కాదు, మనసు కుదుటపడటానికి. ఆయనను అల్లాహ్ కసరలేదు. నాలుగు పక్షుల ద్వారా చూపించాడు.

ఆటుపోట్ల మాటకే వస్తే, సుమారు 1030 ప్రాంతంలో అల్ బిరూనీ తన 'కితాబుల్ హింద్'లో వాటికి ఒక అధ్యాయమే కేటాయించాడు. అప్పటికే గొప్ప విద్వాంసుడు. అయినా పరాయి దేశపు పండితులను అడిగి తెలుసుకోవడానికి చిన్నతనపడలేదు, అందుకోసం సంస్కృతం కూడా నేర్చుకున్నాడు. చంద్రుడి ఉదయాస్తమయాలను బట్టి ఇక్కడివారు పోటు వేళలు కట్టే తీరును రాసిపెట్టాడు.

అసలు మన భయం వేరు. జవాబు తెలియదని పిల్లల ముందు ఒప్పుకోవాలంటే నామోషీ. రామేశ్వరంలో అబ్దుల్ కలాం చిన్నతనంలో ఒక ఉపాధ్యాయుడు పక్షి ఎలా ఎగురుతుందో బోర్డు మీద గీసి చెప్పారట. అర్థం కాలేదని పిల్లలన్నారు. శివసుబ్రమణ్య అయ్యర్ అనే ఆ మాస్టారు కోప్పడలేదు, సాయంత్రం అందరినీ సముద్రపు ఒడ్డుకు తీసుకుపోయి ఎగిరే పక్షులను చూపించారు. కలాం తరువాత ఎన్నో సభల్లో ఈ సంగతి చెప్పేవారు.

పండగ వెళ్లిన మర్నాడు మేమూ మనుమరాలిని రేవుకు తీసుకెళ్లాము. వెదురు కర్రకు జానెడు జానెడు దూరాన ఎర్రరంగు గీతలు పెట్టి ఒడ్డున పాతాము. నీరు ఏ గీత దాకా, ఎన్ని గంటలకు వచ్చిందో నోటుబుక్కులో అదే రాసుకుంది. రోజురోజుకీ పోటు వేళ ఇంచుమించు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతోందని నాలుగు రోజుల్లో తనే కనిపెట్టింది. రేవులో ఒక పడవాయన గడియారం చూడకుండానే తిథిని బట్టి పోటు వేళ చెప్పాడు. మేము హిజ్రీ తారీఖుతో సరిచూస్తే, ఆయన లెక్కా మా లెక్కా ఒకే చంద్రుడివి.

ఇప్పుడు ఇంట్లో ప్రశ్నలకు కొదవ లేదు. రోడ్డు దాటితే ఆంధ్రప్రదేశ్ అయితే మన ఊరు పుదుచ్చేరిలో ఎందుకుందని ఒకరోజు. అందుకు 1954 దాకా ఇక్కడ సాగిన ఫ్రెంచివారి పాలన కథ చెప్పాము. పక్కనున్న కోరంగి ఒకప్పుడు పెద్ద రేవట కదా, ఆ ఓడలేమయ్యాయని మరో రోజు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనల గురించి చెబితే రాత్రంతా నిద్రపోలేదని వాళ్ల దాదీ మమ్మల్ని చివాట్లు పెట్టింది.

నిన్న మళ్లీ అడిగింది: "దాదా, చంద్రుడు ఒక్కడే కదా, మరి పోటు రోజుకు రెండుసార్లు ఎందుకొస్తుంది?" మాకు తెలియదన్నాము. సోమవారం వాళ్ల సైన్సు టీచరు దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం.