దస్త్రము తెఱచిన చాలునా?

ప్రభుత్వ పత్రములను పౌరులు చూడవచ్చునని స్వీడను దేశము 1766లోనే శాసనము చేసినది. వాతావరణము, భూపటములు, రవాణా మున్నగువాని లెక్కలను ఎల్లరకును ఉచితముగా నందింపుమని ఐరోపా సమాఖ్య 2019లో ఆదేశించినది. మనకును ఆ ద్వారము కొంత తెఱచుకొన్నది.

పల్నాటిలో నొకప్పుడు అడంగలు కరణముగారి పెట్టెలో నుండెడిది. ఆయన చెప్పినదే లెక్క. 1984లో కరణీకములు రద్దయినవి. ‘మీభూమి’ వచ్చిన పిదప గురజాల రైతు తన పొలపు లెక్కను తానే చూచుకొనవచ్చును. సంతోషమే. కాని పట్టాదారునకును అనుభవదారునకును భేద మేమో అతని కెవరు చెప్పవలెను? కౌలుదారున కది బ్రతుకుదెరువు ప్రశ్న. తెలియనివాడు మరల నొక మధ్యవర్తినే వెదకుకొనును.

2006లో మన రాష్ట్రమున మొదలైన ఉపాధి హామీ సామాజిక తనిఖీలను చూడుడు. మస్టరు పట్టికను గ్రామసభలో పైకి చదివిరి. చదువురాని కూలియు తన పేర వ్రాసిన దినములను విని, ‘ఆ పనికి నేను పోలేదే’ యని లేచి చెప్పుటకు వీలు కలిగెను. నా మతమున ఐరోపావారి ఏర్పాటుకంటె ఇది యొక మెట్టు పైనిదే.

2005 నాటి సమాచారహక్కు చట్టము స్థానిక భాషను గమనింపుమనియే చెప్పినది. ఉపాధ్యాయులు పదవ తరగతి తెలుగు గంటలో నొకనాడు, పేరులు విడిచి, అడంగలు ప్రతిని నల్లబల్లపై వ్రాసి గడిగడికి అర్థము చెప్పవచ్చును. ఆ సాయంత్రమే పిల్లలు ఇంట తండ్రులకు తమ పొలపు లెక్కను చదివి వినిపింపగలరు.