లెక్క పక్కనే రశీదు

ఉమ్మడి కుటుంబపు ఖర్చులను ఎక్సెల్‌లో నమోదు చేసి, రశీదుల ఫొటోలను పక్కనే జతపరచడం మంచి అలవాటు. అయితే మామూలుగా చేర్చిన ఫొటో గడిలో ఉన్నట్లు కనిపించినా, నిజానికి దానిపై తేలుతూ ఉంటుంది. కొన్ని వరుసలను దాచినప్పుడు ఒకరి రశీదు మరొకరి ఖర్చు పక్కన నిలిచిందంటే, అన్నదమ్ముల మధ్య అనుమానానికి తావిచ్చినట్లే.

అందుకే ఫొటోను గడి హద్దుల్లో ఇమిడ్చి, ‘ఫార్మాట్ పిక్చర్’లోని ప్రాపర్టీస్‌లో ‘మూవ్ అండ్ సైజ్ విత్ సెల్స్’ను ఎంచుకోవలసిందిగా సూచిస్తున్నాము. అప్పుడు వరుస దాగితే రశీదూ దాగుతుంది. పొడవైన వివరాలున్న గడికి ‘ర్యాప్ టెక్స్ట్’ పెట్టండి. పక్క గడి నిండినా మాటలు తెగినట్లు కనబడవు.

వర్డ్‌లో దరఖాస్తు రాసేటప్పుడు ఫొటోకు ‘స్క్వేర్’, ‘ఫిక్స్ పొజిషన్ ఆన్ పేజ్’ ఎంచుకుంటే, పైన ఒకటి రెండు పంక్తులు పెరిగినా అది చోటు మారదు.

పట్టికను ఇంటివారికి పంపేముందు ఒక వరుసను దాచి, తిరిగి తెరచి సరిచూసుకుందాము.