నవ్వులాటకు లేని అభ్యంతరము

స్వలింగానురక్తులను, హిజ్రాలను గూర్చి తీసిన చలనచిత్రములను నలుగురు గూడి చూచుట విదేశీయ వ్యామోహమనియు, ఇట్టి ప్రదర్శనములు ఇరుగుపొరుగు బిడ్డలను చెఱచుననియు, వారి బ్రతుకేదో వారు చాటున బ్రతికిన చాలుననియు పెద్దమనుష్యులు పలుకుట పుదుచ్చేరిలోని మా ఇందిరా నగరమునందు పలుమాఱు వినియున్నాను. ఈ మూడు మాటలలో ఒక్కటియు నిలువదు.

ఏది విదేశీయము? స్వలింగ సంగమమును నేరముగా నెంచిన 377వ నిబంధన ఆంగ్లేయులు 1860లో చేసిన శిక్షాస్మృతిలోనిది. ఫ్రెంచివారు 1791లోనే తమ దండశాసనమునుండి ఆ నేరమును తొలగించియుండిరి. వారు 1954లో ఈ పట్టణమును విడిచిపోయిన పిమ్మట, 1963 అక్టోబరు 1వ తేదీన గదా ఆంగ్లేయుల స్మృతి యిచ్చట అడుగుపెట్టినది! 2018లో సర్వోన్నత న్యాయస్థానము, సమ్మతిగల వయోజనుల విషయమున, కొట్టివేసినది ఆ పరాయి నిబంధననే. ఉళుందూరుపేట చెంతనున్న కూవాగములో ఏటేట తమిళుల చిత్తిరై మాసమున అరవాను దేవుని వరించి, మఱునాడే తాళి తెంచుకొని విలపించు తిరునంగైలు, అనగా తమిళదేశపు హిజ్రాలు, ఏ ద్వీపాంతరమునుండి ఓడ దిగినవారు?

ఇక చెఱచుట. దశాబ్దములుగా మన తెలుగు చిత్రములు ఆడంగి నడకను, చప్పట్లను చూపి థియేటరంతయు పకపక నవ్వించుచుండగా, బిడ్డ చేయి పట్టుకొని లేచిపోయిన తండ్రిని నేనెఱుగను. ఆ మనిషియే నవ్వు పుట్టింపక, ఇంటద్దె కట్టుచు, ఒకరిని ప్రేమించుచు, తల్లి వడ్డించిన అన్నము తినుచు తెరపై కనబడిన తత్క్షణమే మనకు సంస్కృతి జ్ఞప్తికి వచ్చును. 1998లో ముంబాయి, ఢిల్లీ నగరములలో ఇద్దరు స్త్రీల ప్రేమను చూపిన ‘ఫైర్’ చిత్రము ఆడుచున్న థియేటర్లపై దాడి జరిగినది. అది హాస్యచిత్రమే యైనచో ఒక్క గాజుపలకయు పగిలియుండెడిది కాదు. కావున అభ్యంతరము చూపుటకు గాదు, మనుష్యులుగా చూపుటకు. పసివారికి తగని చిత్రములుండవా యన్నచో, ఉండును. అన్ని చిత్రములకువలెనే వానికిని వయోనిర్ణయము చేయుదము.

తుదకు చాటు. చాటున బ్రతుకువాడు ఇంట పెండ్లిమాట వచ్చినపుడెల్ల బొంకవలెను. బొంకలేని నాడు పీటలపై కూర్చుండవలెను. అట్టివాడు పదిమంది నడుమ తనవంటివాని కథను చూచి, తన తల్లితో నిజము చెప్పుటకు ధైర్యము తెచ్చుకొనగలిగినచో, రక్షింపబడునది వాడొక్కడే కాదు. ఏ పాపము నెఱుగక వానిచే తాళి కట్టించుకొనబోవు పరాయియింటి ఆడపిల్ల కూడ. చాటే మేలను పెద్దలు ముందుగా ఆ పిల్లకు సమాధానము చెప్పవలెను.