ఓడ మునిగితే కాదు.. ఆగితేనే అసలు దెబ్బ! 1942లో ఉత్తరాంధ్ర తీరం చెప్పిన పాఠం.. ఎర్ర సముద్రంలో మళ్లీ అదే కథ

యుద్ధమంటే సైన్యాలు, క్షిపణులే కాదు. శత్రువుకు సరుకు మోసే ఓడల్ని కొట్టడం కూడా పాత యుద్ధతంత్రమే. మరి దానివల్ల యుద్ధం గెలుస్తారా? 84 ఏళ్ల కిందట బంగాళాఖాతంలో జరిగింది, 2023 నుంచి ఎర్ర సముద్రంలో జరిగింది పక్కపక్కన పెడితే జవాబు దొరుకుతుంది.

అరసవల్లి సూర్యనారాయణ స్వామి దర్శనం చేసుకుని, అటు నుంచి అటే కళింగపట్నం బీచ్‌కు వెళ్లేవాళ్లు చాలామంది. మధ్య దూరం 30 కిలోమీటర్ల లోపే. వంశధార సముద్రంలో కలిసే ఆ చోట లైట్‌హౌస్, ఇసుక, చేపల పడవలు కనిపిస్తాయి. ఒకప్పుడు అది ఓడరేవు. దాని ముందున్న సముద్రంలోనే 1942 ఏప్రిల్‌లో వాణిజ్య నౌకల వేట సాగిందన్న సంగతి ఇప్పటివాళ్లలో చాలామందికి తెలియదు.

ఆ రోజు ఏం జరిగింది?

1942 ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబోపై బాంబులు వేశాయి. బ్రిటిష్ నౌకాదళం చూపంతా అటే ఉంది. సరిగ్గా అదే సమయంలో వైస్ అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో మరో దళం బంగాళాఖాతంలోకి వచ్చేసింది. చోకై, కుమానో, సుజుయా, మికుమా, మొగామి లాంటి క్రూయిజర్లు, ర్యూజో అనే విమాన వాహక నౌక అందులో ఉన్నాయి. ఈ దళం మూడు ముక్కలుగా విడిపోయి ఏప్రిల్ 6న పూరీ వైపు నుంచి కాకినాడ వైపు దాకా తీరం పొడవునా వేట మొదలుపెట్టింది. శ్రీకాకుళం తీరం ఈ వరుస మధ్యలోనే ఉంది.

అదే రోజు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడ్డాయి. సముద్రంలో పరిస్థితి ఇంకా ఘోరం. కాపలా నౌకలు లేకుండా, తీరం పట్టుకుని వెళ్తున్న ఓడలు ఒకదాని తర్వాత ఒకటి దొరికిపోయాయి. కొద్ది రోజుల్లో ఇరవైకి పైగా వాణిజ్య నౌకలు మునిగాయి. వాటి మొత్తం పరిమాణం దాదాపు లక్ష టన్నులు. జపాన్ దళానికి జరిగిన నష్టం మాత్రం నామమాత్రమే.

లెక్కకు మించిన భయం

అయితే అసలు దెబ్బ మునిగిన ఓడల వల్ల కాదు, భయం వల్ల. తూర్పు తీరంలో ఓడల రాకపోకలు కొన్ని వారాల పాటు స్తంభించాయి. సముద్రం మీద వెళ్లాల్సిన సరుకు రైళ్ల మీద పడింది. అప్పటికే సైనిక రవాణాతో సతమతమవుతున్న రైళ్లవి. విశాఖ నుంచి, మద్రాసు నుంచి జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు వెళ్లిపోయారు. అంటే ఇరవై ఓడలు మునిగితే, మునగని వందల ఓడలు కూడా ఆగిపోయాయన్నమాట.

మరి జపాన్‌కు ఏం ఒరిగింది? ఇక్కడే మెలిక ఉంది. ఆ దళం వచ్చినంత వేగంగా వెనక్కి వెళ్లిపోయింది. పసిఫిక్‌లో అమెరికాతో పోరు ముదిరింది. జూన్‌లో మిడ్‌వే దగ్గర నాలుగు విమాన వాహక నౌకల్ని పోగొట్టుకున్న జపాన్, అంత పెద్ద దళంతో మళ్లీ బంగాళాఖాతానికి రాలేదు. ఇక్కడ రాకపోకలు మెల్లగా కోలుకున్నాయి. ఒక్కసారి కొట్టి వెళ్లిపోతే వచ్చేది కలకలం మాత్రమే. ఫలితం రావాలంటే కొడుతూనే ఉండాలి.

ముందూ ఇదే కథ

ఈ తీరానికి ఇది కొత్త కాదు. 1804 సెప్టెంబర్ 15న ఫ్రెంచ్ అడ్మిరల్ లినోవా విశాఖపట్నం రేవులోకే వచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలపై దాడి చేశాడు. ఒక ఓడను పట్టుకుపోయాడు, ఇంకోటి ఒడ్డుకు కొట్టుకొచ్చి పాడైంది. కాపలాగా ఉన్న సెంచూరియన్ యుద్ధనౌక మాత్రం తట్టుకుని నిలబడింది. అదే లినోవా, ఆ ఏడాది ఫిబ్రవరిలో మలక్కా జలసంధి దగ్గర గుంపుగా వస్తున్న కంపెనీ ఓడల్ని చూసి, వాటిలో యుద్ధనౌకలున్నాయనుకుని వెనుదిరిగాడు. నిజానికి అందులో ఒక్క యుద్ధనౌక కూడా లేదు!

1914లో జర్మన్ క్రూయిజర్ ఎండెన్‌ది కూడా ఇదే తీరు. రెండు నెలల్లో దాదాపు రెండు డజన్ల వాణిజ్య నౌకల్ని పట్టుకుంది. సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసులో చమురు ట్యాంకుల్ని తగలబెట్టింది. నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ చేతిలో దాని పని అయిపోయింది. ఒంటరి వేటగాడికి పేరు వస్తుంది కానీ ఆయుష్షు తక్కువ.

పని చేసిన సందర్భం ఉందా?

ఉంది. విచిత్రం ఏంటంటే, అందులో బలైంది జపానే. 1942లో బంగాళాఖాతంలో ఓడల్ని వేటాడిన ఆ దేశం, తన ఓడలకు కాపలా ఏర్పాటు చేయడంలో మాత్రం నిర్లక్ష్యం చేసింది. దానికోసం ప్రత్యేక కమాండ్ పెట్టింది 1943 నవంబర్‌లో. అప్పటికే ఆలస్యమైంది. అమెరికా జలాంతర్గాములు ఏళ్ల తరబడి విడవకుండా వేటాడి, 48 లక్షల టన్నులకు పైగా జపాన్ వాణిజ్య నౌకల్ని ముంచాయి. చమురు, బియ్యం, ఇనుప ఖనిజం అన్నీ బయటి నుంచే రావాల్సిన దీవుల దేశం ఊపిరాడక విలవిల్లాడింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ కూడా ఇదే ప్రయత్నించింది. 1917 ఏప్రిల్‌లో ఒక్క నెలలోనే 8 లక్షల టన్నులకు పైగా ఓడల్ని ముంచింది. బ్రిటన్ వెంటనే కాన్వాయ్ పద్ధతికి మారింది. అంటే ఓడలన్నీ గుంపుగా, యుద్ధనౌకల కాపలాలో వెళ్లడం. నష్టాలు తగ్గుముఖం పట్టాయి. పైగా ఆ దాడులే అమెరికాను యుద్ధంలోకి లాగాయి.

ఇప్పుడు ఎర్ర సముద్రం

2023 నవంబర్ 19న యెమెన్ హౌతీలు గెలాక్సీ లీడర్ నౌకను హెలికాప్టర్‌తో దిగి పట్టుకెళ్లారు. ఆ తర్వాత వందకు పైగా వాణిజ్య నౌకలపై దాడులు జరిగాయి. మునిగినవి రూబీమార్, ట్యూటర్, మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సి.. అంటే నాలుగు. కానీ సూయజ్ కాలువ దాటిన నౌకలు 2023లో 26 వేలకు పైగా ఉంటే, 2024లో 13 వేల చిల్లరకు పడిపోయాయి. మునిగింది నాలుగు, దారి తప్పుకున్నవి వేలు. 1942 లెక్కే ఇది.

నౌకలు ఆఫ్రికాను చుట్టి వెళ్లాల్సి రావడంతో పది రోజులకు పైగా అదనపు ప్రయాణం. బీమా పెరిగింది, కంటైనర్ కిరాయి పెరిగింది. అయినా సరుకు ఆగలేదు. ఖర్చెక్కువైనా చేరింది. దాడులు మొదలుపెట్టినవాళ్లు కోరినట్టు గాజా యుద్ధమూ వెంటనే ఆగలేదు.

సిక్కోలుకు ఏం సంబంధం?

చాలా ఉంది. ఉద్దానం ఊళ్ల నుంచి ఎంతోమంది కుర్రాళ్లు మర్చంట్ నేవీలో పని చేస్తున్నారు. 2024 జనవరి 26న క్షిపణి తగిలి మంటల్లో చిక్కుకున్న మార్లిన్ లువాండా ట్యాంకర్‌లో 22 మంది భారతీయులున్నారు. మంటలార్పడానికి వెళ్లింది ఐఎన్ఎస్ విశాఖపట్నం. పలాసకు ముడి జీడిపిక్కలు ఆఫ్రికా నుంచి ఓడల్లో వస్తాయి. ఆ ఓడ ఎర్ర సముద్రం దాటకపోయినా, కంటైనర్లకు కొరత వస్తే కిరాయి అందరికీ పెరుగుతుంది. యూరప్‌కు వెళ్లే ఆంధ్రా రొయ్యలకూ అంతే. ఇక సంతబొమ్మాళి మండలం మూలపేటలో కొత్త పోర్టు పనులు నడుస్తున్నాయి. రేపు అక్కడికి ఓడలు రావాలంటే బెర్తులు, క్రేన్లు ఉంటే చాలదు. దారిలో భద్రత కూడా ఉండాలి.

మొత్తంగా చూస్తే, వాణిజ్య నౌకల వేట శత్రువుకు ఖర్చు పెంచుతుంది, భయం పుట్టిస్తుంది. అవతలి దేశం పూర్తిగా సముద్రం మీదే బతుకుతూ, తన ఓడల్ని కాపాడుకోకపోతే తప్ప యుద్ధాన్ని మాత్రం గెలిపించదు. 1942 ఏప్రిల్‌లో ఈ తీరంలో మునిగిన ఓడలకు లేనిది అదే.. కాపలా.