కర్నెల్ మారితే వైఫై పోకూడదు

పోయిన నెల ఒక పొద్దున మేనకోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, రాత్రి అప్‌డేట్ చేశాను, లేచి చూస్తే వైఫై లేదు. మధ్యాహ్నంలోగా అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేయాలి." తనది లినక్స్ ల్యాప్‌టాప్. కర్నెల్ లాగ్ తెరిచి చదవమన్నాను. ఏదో ఫైలు పేరు, దాని తర్వాత 'ఫెయిల్డ్ విత్ ఎర్రర్ మైనస్ 2' అని చదివింది. మైనస్ 2 అంటే అడిగిన ఫైలు లేదని. కొత్త కర్నెల్‌లోని డ్రైవర్ కొత్త ఫర్మ్‌వేర్ అడుగుతోంది, డిస్కులో ఉన్నది పాతది. ఆ ఫైలు దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఆ ఫైలు కావాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదన్నట్టు.

బూట్ మెనూలో పాత కర్నెల్ ఎంచుకోమన్నాను. వైఫై వచ్చేసింది. చిప్ బాగానే ఉంది, పాత ఫర్మ్‌వేర్ కూడా బాగానే ఉంది. ఈ రెండింటినీ కాదన్నది కొత్త డ్రైవర్ ఒక్కటే.

వైఫై, గ్రాఫిక్స్ చిప్‌లలో సొంత ప్రాసెసర్లు ఉంటాయి. వాటిని నడిపే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. చాలా చిప్‌లలో అది శాశ్వతంగా ఉండదు, మెషీన్ ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవర్ డిస్కు నుంచి తీసి ఎక్కించాలి. ఒకప్పుడు ఈ ఫర్మ్‌వేర్లలో చాలా వాటిని లినక్స్ కర్నెల్ సోర్సులోనే అంకెల వరుసలుగా కూరి పెట్టేవారు. 2008లో కర్నెల్ డెవలపర్ డేవిడ్ వుడ్‌హౌస్ వాటిని వేరు చేసే పని పట్టుకున్నారు. 2017లో వచ్చిన కర్నెల్ 4.14లో సోర్సులో మిగిలిన ఫర్మ్‌వేర్ ఫైళ్లన్నీ తీసేశారు. ఇప్పుడవన్నీ లినక్స్-ఫర్మ్‌వేర్ అనే వేరే చోట, ఏ ఫైలుకు ఏ లైసెన్సో రాసిన పట్టికతో సహా ఉంటాయి.

వేరు చేయడం ముమ్మాటికీ సరైనదే. కర్నెల్ జీపీఎల్ సాఫ్ట్‌వేర్, అంటే సోర్సుతో సహా పంచాలనే లైసెన్సు దానిది. ఫర్మ్‌వేర్‌లో ఎక్కువ భాగం సోర్సు ఇవ్వని బైనరీ, పంచుకోవచ్చు గానీ చదివి దిద్దుకోలేం. పైగా ఒకే మెషీన్‌లో రెండు మూడు కర్నెల్‌లు ఉంటాయి. అన్నిటికీ ఒకే ఫర్మ్‌వేర్ ప్యాకేజీ పని చేయాలి.

అయితే వేరు కాపురం పెట్టినంత మాత్రాన బాధ్యత తీరదు. కొత్త కర్నెల్‌కు మారినవాళ్లు హార్డ్‌వేర్ పని చేయడం కోసం కొత్త ఫర్మ్‌వేర్ వేసుకోవాల్సిన అవసరం రాకూడదని 2022లో కర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసుకున్నారు. అంటే డ్రైవర్ ముందు కొత్త ఫైలు వెతకాలి, దొరక్కపోతే పాతదానితో సర్దుకోవాలి. ప్యాకేజీ కట్టేవాళ్లు కూడా పాత కర్నెల్ డిస్కులో ఉన్నంత కాలం దానికి కావలసిన ఫైలు తీసేయకూడదు. గ్రాఫిక్స్ డ్రైవర్ బూట్ మొదట్లోనే లేస్తుంది కాబట్టి, ఫర్మ్‌వేర్ మారినప్పుడల్లా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్ సిస్టమ్‌ను) మళ్లీ తయారు చేయాలి.

లినక్స్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడూ ఇదే చిక్కు వస్తుంది. ఆ ఇన్‌స్టాలర్ సంగతిలో డెబియన్ డిస్ట్రో వేసిన దారి నాకు నచ్చింది. ఏళ్ల తరబడి వాళ్ల అధికారిక ఇన్‌స్టాలర్‌లో సోర్సు లేని ఫర్మ్‌వేర్ ఉండేది కాదు. 2022 అక్టోబరులో ఓటింగ్‌తో తమ సామాజిక ఒప్పందాన్నే సవరించుకుని, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి చేర్చారు. అదీ కలగాపులగం చేయకుండా, నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే విడి విభాగంలో పెట్టారు. వద్దనుకునేవాళ్లు బూట్‌లోనే ఆపేసుకోవచ్చు.

ఇది రాజీ అనేవాళ్ల మాట నేను కొట్టిపారేయను. బైనరీలన్నీ ఏరేసి లినక్స్-లిబ్రే పేరుతో కర్నెల్ ఇస్తున్నవాళ్ల పట్టుదలంటే నాకు గౌరవం. 2013లో ఏథరోస్ యూఎస్‌బీ వైఫై చిప్‌ల ఫర్మ్‌వేర్ సోర్సు బయటికి వచ్చింది, మిగతా కంపెనీలూ ఆ పని చేయగలవు. కానీ అంతవరకు మా మేనకోడలి లాంటి పిల్లలను నెట్ లేకుండా కూర్చోబెట్టడం న్యాయం కాదు.

మీకూ ఇలా జరిగితే కంగారుపడి అంతా చెరిపి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. పాత కర్నెల్‌తో బూట్ చేయండి. వైఫై రాగానే లాగ్‌లోని ఆ ఒక్క లైను మీ డిస్ట్రో వాళ్లకు బగ్ రిపోర్టుగా పంపండి.