మొదటి పొరపాటు బొమ్మ మీదే జరగాలి

మెదడులో కణితి ఉంది, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి అని డాక్టరు చెబితే ఇంటిల్లిపాదీ అడిగే మొదటి ప్రశ్న: ‘ఆపరేషన్ పెద్ద డాక్టరే చేస్తారా?’ నేను న్యూరోసర్జరీకి పంపే రోగుల బంధువులదీ ఇదే మాట. అందులో తప్పు లేదు. కానీ ఆ పెద్ద డాక్టరూ ఒకప్పుడు ఎవరో ఒకరి మీద మొదటిసారి చేసినవారే. ఆ ‘ఎవరో ఒకరు’ చాలాసార్లు బోధనాసుపత్రికి వచ్చిన పేద రోగి. త్రీడీ ప్రింటింగ్ ఈ పరిస్థితిని కొంత మార్చగలదు.

ఫోన్‌లో మ్యాప్ చూస్తూ కారు నడిపినట్టే, సీటీ, ఎంఆర్ఐ చిత్రాలను తెర మీద చూస్తూ సర్జన్ సూదిని కణితి దాకా తీసుకెళ్తారు. దీన్ని న్యూరోనేవిగేషన్ అంటారు. ముందుగా రోగి తలను, తెర మీది చిత్రాన్ని సరిగ్గా జత చేయాలి. అక్కడ కొన్ని మిల్లీమీటర్లు తేడా వచ్చినా సూది గురి తప్పుతుంది. పక్కనున్న రక్తనాళానికి తగిలితే ప్రాణాల మీదకు రావచ్చు.

స్కాన్‌లోని సమాచారంతోనే పుర్రెను గట్టి ప్లాస్టిక్‌తో ప్రింట్ చేసి, లోపల మెదడు బదులు మెత్తటి జెల్ నింపి, కణితిని అమర్చవచ్చు. జూనియర్ సర్జన్ దాని మీద తల జత చేయడం నుంచి రంధ్రం వేసి సూది దించడం వరకు అన్నీ చేస్తారు. తర్వాత బొమ్మను మళ్లీ స్కాన్ చేస్తే గురి ఎంత తప్పిందో తెలిసిపోతుంది. తప్పితే మళ్లీ చేయవచ్చు. రోగి విషయంలో ఆ వీలుండదు.

అలాగని బొమ్మే గురువు కాదు. మామూలు బొమ్మకు రక్తం కారదు, నాడి కొట్టుకోదు. పుర్రె తెరిచాక ద్రవం బయటికి పోయి అసలు మెదడు కాస్త జరుగుతుంది. అప్పుడు పాత స్కాన్ పూర్తిగా సరిపోదు. ఆ తేడా పసిగట్టడం సీనియర్ పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

2019 నుంచి ఎంబీబీఎస్ నిబంధనల్లో నైపుణ్య ప్రయోగశాలకు చోటిచ్చారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో న్యూరోసర్జరీకి ప్రత్యేక శిక్షణ కేంద్రమే ఉంది. అయితే ప్రింటర్ కొన్నంత మాత్రాన పని అయిపోదు. నేర్పడానికి సీనియర్‌కు సమయం ఉండాలి. బొమ్మ మీద గురి కుదిరాకే రోగి దగ్గరికి పంపాలన్న నియమం ఉండాలి.

అందుకే ఇకపై ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి: ‘జూనియర్ చేస్తే ముందు దేని మీద సాధన చేశారు? సీనియర్ చివరి దాకా థియేటర్‌లోనే ఉంటారా?’ ఇలా అడిగితే మంచి డాక్టరు నొచ్చుకోరు.