పచ్చసొన రంగును చూసి బలాన్ని కొలవవద్దు

గుడ్డులోని సొన ముదురు నారింజ రంగులో ఉంటే బలమైనదనీ, పాలిపోయి ఉంటే సారం లేనిదనీ మనలో చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకంతోనే గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇళ్లలో మామూలు గుడ్డును కాదని, రంగున్న గుడ్డుకు ఎక్కువ ధర చెల్లిస్తున్నారు. ఇప్పుడు దాణాలో నాచు నుంచి తీసిన సహజ వర్ణద్రవ్యాలు కలుపుతున్నామన్న ప్రచారం దీనికి తోడైంది. అందుకే ఈ నాలుగు మాటలు.

కోడిగానీ చేపగానీ కెరోటినాయిడ్ వర్ణాలను సొంతంగా తయారుచేసుకోలేవు; మేత నుంచే పొందుతాయి. మొక్కజొన్న తిన్న కోడి సొన పసుపుగా, నూకలు తిన్న కోడి సొన లేతగా ఉంటుంది. సముద్రంలో రొయ్యల వంటి చిన్న జీవులను తిని సాల్మన్ చేప ఎర్రబడుతుంది. పెంపకంలో మేతకు ఆ వర్ణం కలపకపోతే దాని మాంసం వెలవెలబోతుంది. ఆ వర్ణం పేరు అస్టాజాంథిన్. మన వంటింట్లో ఉడికిన రొయ్యను ఎర్రగా చూపేదీ అదే.

హెమటోకాకస్ అనే పచ్చని నాచు, పోషకాలు తగ్గి ఎండ తీవ్రమైనప్పుడు ఆత్మరక్షణకు ఈ వర్ణాన్ని నింపుకొని ఎర్రబడుతుంది. రసాయన కర్మాగారాల్లో తయారయ్యే అస్టాజాంథిన్ దీనికంటే చవక. అయినా నాచు వంటి సహజ వనరులను వాడడాన్ని నేను స్వాగతిస్తాను. అయితే 'సహజం' అన్న మాటను ఆరోగ్యానికి హామీపత్రంగా అమ్మడాన్ని మాత్రం అంగీకరించలేను.

కాంథాజాంథిన్ ప్రకృతిలోనూ ఉన్న వర్ణమే. చర్మానికి రంగు తెచ్చుకోవడానికి దాన్ని మాత్రలుగా అధిక మోతాదులో మింగినవారి కంటి రెటీనాలో స్ఫటికాలు పేరుకున్నాయి. అందుకే ఐరోపా సమాఖ్య 2003లో కిలో మేతకు దాని గరిష్ఠ పరిమితిని గుడ్లు పెట్టే కోళ్లకు 8 మిల్లీగ్రాములుగా, మాంసపు కోళ్లకు, సాల్మన్ జాతి చేపలకు 25 మిల్లీగ్రాములుగా నిర్ణయించింది. క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌నే రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్రగా తీసుకున్న ఫిన్లాండ్ ధూమపాయుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగిందని 1994లో వెలువడిన అధ్యయనం తేల్చింది. మేలూ కీడూ నిర్ణయించేది పుట్టుక ఒక్కటే కాదు, మోతాదు కూడా.

ఇక పోషణ సంగతి. లూటీన్ అనే పసుపు వర్ణం కంటికి మేలు చేసేదే. గుడ్డు నుంచి అది శరీరానికి బాగా అందుతుంది. కానీ లూటీన్, అస్టాజాంథిన్ మన శరీరంలో విటమిన్ ఎ గా మారవు. సొనలోని విటమిన్ ఎ ప్రధానంగా రెటినాల్ రూపంలో ఉంటుంది. దాని పరిమాణం సొన రంగులో కనబడదు. ముదురు రంగు ఏ వర్ణంతో వచ్చిందో కూడా కంటికి తెలియదు. మాంసకృత్తులకైతే రంగుతో సంబంధమే లేదు.

అమెరికాలో మేత ద్వారా రంగు తెచ్చిన సాల్మన్‌పై ఆ విషయం ప్రకటించి తీరాలి. మన గుడ్ల పెట్టెల మీదా ఏ వర్ణం కలిపారో, అది నాచు నుంచి వచ్చిందో కర్మాగారం నుంచి వచ్చిందో స్పష్టంగా రాయాలి. కొనేవారికి అది తెలుసుకునే హక్కు ఉంది.

అంతవరకు లేతసొన గుడ్డును చిన్నచూపు చూడకండి. బాగా ఉడికించి తినండి. రంగు కోసం పెట్టే అదనపు ధరతో ఒక కట్ట తోటకూర కొనండి. ఇంటిల్లిపాదికీ అదే ఎక్కువ మేలు.